భుజానికి కీహోల్ సర్జరీ ఎవరికి అవసరం, ఎవరికి అక్కరలేదు: ఒడిశా సరిహద్దు తెలుగువారి కోసం ఒక పోలిక

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు నుంచి నా ఫిజియోథెరపీ గదికి భుజం నొప్పితో వచ్చేవారిలో చాలామంది ఎమ్మారై రిపోర్టు చేతిలో పట్టుకునే వస్తారు. మొదటి ప్రశ్న కూడా దాదాపు ఒకటే: "ఆపరేషన్ బరంపురంలో చేయించుకుంటే మంచిదా, విశాఖపట్నంలోనా?" ఊరు ఎంచుకునే ముందు తేల్చుకోవలసినవి రెండు ఉన్నాయి. మీ భుజానికి వచ్చిన జబ్బు ఏ రకం? ఆపరేషన్ అయ్యాక నాలుగు నుంచి ఆరు నెలల పాటు ఆ చేతిని మళ్ళీ పనిలోకి తెచ్చే బాధ్యత ఎవరిది, అది ఎక్కడ జరుగుతుంది? వీటికి జవాబు దొరికితే ఊరి సంగతి చాలావరకు దానంతట అదే తేలిపోతుంది.

కీహోల్ సర్జరీ అని మనం పిలిచేది ఆర్థ్రోస్కోపీ. భుజం చుట్టూ సెంటీమీటరు కంటే చిన్న గాట్లు కొన్ని పెట్టి, ఒకదాని గుండా సుమారు 4 మిల్లీమీటర్ల మందం ఉన్న కెమెరా గొట్టాన్ని, మిగతావాటి గుండా పరికరాలను పంపుతారు. కీలును సెలైన్‌తో ఉబ్బించి, తెర మీద చూస్తూ పని చేస్తారు. సాధారణంగా పూర్తి మత్తు ఇస్తారు, దానితో పాటు మెడ పక్కన నరాలకు మందు ఎక్కించి చేతిని మొద్దుబార్చడమూ ఉంటుంది. చాలామంది ఆ రోజో మరునాడో ఇంటికి వెళ్ళిపోతారు. కోత పెట్టి చేసే ఆపరేషన్‌తో పోలిస్తే పైగాయం చిన్నది, మచ్చ చిన్నది, మొదటి రోజుల్లో నొప్పి కూడా తక్కువగా ఉండవచ్చు.

అయితే పైన గాయం చిన్నదైనంత మాత్రాన లోపలి గాయం త్వరగా మానదు. ఎముకకు కుట్టిన టెండాన్, అంటే కండరాన్ని ఎముకకు పట్టి ఉంచే భాగం, కోత పెట్టి కుట్టినా కెమెరాతో కుట్టినా అతుక్కోవడానికి ఒకే వ్యవధి తీసుకుంటుంది. బ్రిటన్‌లో టెండాన్ చిరిగినవారిని రెండు వర్గాలు చేసి, కొందరికి కోత పెట్టి, కొందరికి ఆర్థ్రోస్కోపీతో కుట్టి పోల్చి చూశారు. 2017లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం రెండేళ్ళ తర్వాత ఇద్దరి పరిస్థితిలోనూ చెప్పుకోదగ్గ తేడా లేదు. కాబట్టి మీ దగ్గరలో ఉన్న అనుభవజ్ఞుడైన సర్జన్ చిన్న కోతతో కుడతానంటే, కీహోల్ కోసమే అప్పు చేసి దూరం వెళ్ళనవసరం లేదు.

ఇక రకాల వారీగా చూద్దాం. ముందు ఇంట్లోనే చేసుకోదగిన ఒక పరీక్ష చెబుతాను. అద్దం ముందు నిలబడి రెండు మోచేతులనూ నడుముకు ఆనించండి. మోచేతులు కదలకుండా ముంజేతులను బయటికి తిప్పండి. బాగున్న చేయి తిరిగినంత మేర నొప్పి ఉన్న చేయి తిరగకుండా, వేరొకరు నెమ్మదిగా తిప్పినా అక్కడికక్కడే గట్టిగా ఆగిపోతే అది ఫ్రోజెన్ షోల్డర్, అంటే భుజం పట్టేసే జబ్బు, కావచ్చు. వేరొకరు ఎత్తితే చేయి పైదాకా వెళ్తూ, మీరు ఎత్తబోతే మాత్రం బలం చాలకపోతే టెండాన్ చిరిగి ఉండవచ్చు. ఈ పరీక్షతో జబ్బు ఖాయమైపోదు. కీలు అరిగినా, భుజం వెనక్కి జారి అలాగే ఉండిపోయినా చేయి బయటికి తిరగదు, అందుకే ఎక్స్‌రే తప్పనిసరి. కానీ డాక్టరుతో ఏమి మాట్లాడాలో దీనివల్ల మీకు తెలుస్తుంది.

భుజం పట్టేస్తే

ఫ్రోజెన్ షోల్డర్ ఎక్కువగా 40 నుంచి 60 ఏళ్ళ మధ్య వస్తుంది, మగవారిలో కంటే ఆడవారిలో ఎక్కువ. మధుమేహం, థైరాయిడ్ జబ్బు ఉన్నవారికి మరీ ఎక్కువ. మధుమేహం ఉందని తెలియకుండానే భుజం పట్టేసి వచ్చేవారు ఉంటారు కాబట్టి రక్తంలో చక్కెర పరీక్ష చేయించనిదే చికిత్స మొదలుపెట్టకండి. మొదట్లో రాత్రి నిద్రపట్టనంత నొప్పి, తర్వాత నొప్పి తగ్గి బిగుసుకోవడం, ఆ తర్వాత నెమ్మదిగా వదులు కావడం: ఇదంతా జరగడానికి ఏడాది నుంచి మూడేళ్ళు పడుతుంది. కొందరిలో కొంత బిగుతు మిగిలిపోతుంది.

ఇక్కడ ఉన్న దారులు ఇవి: వ్యాయామం, కీలులోకి స్టెరాయిడ్ సూదిమందు, కీలులోకి సెలైన్ ఎక్కించి సాగదీయడం, మత్తు ఇచ్చి చేతిని తిప్పి విడిపించడం, చివరగా ఆర్థ్రోస్కోపీతో బిగుసుకున్న పొరను కోసి వదులు చేయడం. వీటిలో మూడింటిని, అంటే సూదిమందుతో కూడిన ఫిజియోథెరపీని, మత్తులో తిప్పడాన్ని, ఆర్థ్రోస్కోపీని, బ్రిటన్‌లో 503 మంది మీద పోల్చారు. 2020లో లాన్సెట్ పత్రికలో అచ్చయిన ఆ అధ్యయనంలో ఏడాది గడిచేసరికి ఏ ఒక్కటీ మిగతావాటి కంటే స్పష్టంగా మెరుగని తేలలేదు. ఆర్థ్రోస్కోపీ చేయించుకున్నవారికి మళ్ళీ చికిత్స అవసరం కావడం తక్కువ, కానీ తీవ్రమైన ఇబ్బందులు తలెత్తింది వారిలోనే ఎక్కువ.

నా సలహా: నొప్పి ఎక్కువగా ఉన్న తొలి నెలల్లో ఒక సూదిమందు, దానితో పాటు రోజూ ఇంటి వ్యాయామం. మధుమేహులకు స్టెరాయిడ్ వల్ల కొన్ని రోజుల పాటు చక్కెర పెరుగుతుంది, ఆ రోజుల్లో తరచూ పరీక్షించుకుని అవసరమైతే మందు మోతాదు గురించి డాక్టరును అడగాలి. మూడు నుంచి ఆరు నెలలు నిజాయితీగా చేసినా చేయి కదలకపోతే అప్పుడు ఆర్థ్రోస్కోపీ గురించి ఆలోచించండి. అయితే ఈ ఆపరేషన్ తర్వాత చేతిని కట్టి ఉంచరు. మరునాటి నుంచే కదిలించాలి, వారాల తరబడి రోజూ ఫిజియోథెరపీ ఉండాలి. విశాఖలో ఆపరేషన్ చేయించుకుని, ఫిజియోథెరపిస్టు లేని ఊరికి తిరిగి వెళ్ళి చేతిని ఒడిలో పెట్టుకుని కూర్చుంటే కోసిన పొర మళ్ళీ బిగుస్తుంది. ఆ పరిస్థితిలో ఉన్నవారికి నేను ఈ ఆపరేషన్ వద్దనే చెబుతాను. లేదా మొదటి మూడు నాలుగు వారాలు ఆసుపత్రి ఉన్న ఊళ్ళోనే బంధువుల ఇంట ఉండే ఏర్పాటు చేసుకుని వెళ్ళమంటాను.

చేయి ఎత్తితే గుచ్చుకునే నొప్పి

టెండాన్ చిరగలేదు, భుజం పట్టలేదు, చేయి పక్కకు ఎత్తినప్పుడు మాత్రం మధ్యలో ఒకచోట గుచ్చినట్లు నొప్పి. రిపోర్టులో ఇంపింజ్‌మెంట్ అని ఉంటుంది. ఒకప్పుడు దీనికి భుజం పైకప్పులాంటి ఎముక అడుగుభాగాన్ని ఆర్థ్రోస్కోపీతో గీకి జాగా పెంచేవారు. బ్రిటన్, ఫిన్లాండ్ దేశాల్లో జరిగి 2018లో పత్రికల్లో అచ్చయిన రెండు అధ్యయనాల్లో కొందరికి ఎముక గీకారు, మరికొందరికి కెమెరా పెట్టి చూసి ఏమీ చేయకుండా మూసేశారు. ఫలితంలో రోగికి పట్టింపు కలిగించేంత తేడా రాలేదు. 2019లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ నిపుణుల బృందం ఈ ఆపరేషన్ చేయవద్దని గట్టిగానే సిఫారసు చేసింది. కాబట్టి కేవలం ఈ కారణానికి ఎవరైనా ఆర్థ్రోస్కోపీ చెబితే రెండో డాక్టరును కలవండి. భుజం ఎముక చుట్టూ ఉన్న కండరాలకు, వెన్ను పైభాగానికి మూడు నెలల క్రమబద్ధమైన వ్యాయామం చేసి చూడండి.

టెండాన్ చిరిగితే

ఎంపిక నిజంగా కష్టమైనది ఇక్కడే. భుజం కీలును పట్టి ఉంచే నాలుగు కండరాల టెండాన్ల సముదాయాన్ని రొటేటర్ కఫ్ అంటారు. అది చిరగడంలో రెండు వేర్వేరు కథలు ఉన్నాయి.

మొదటిది దెబ్బ. బైకు మీద నుంచి పడటం, జీడితోటలో కొమ్మ విరిగి కిందపడటం, గోపాల్‌పూర్ తీరంలో పడవ లాగుతుండగా ఒక్కసారిగా గుంజుకోవడం. నిన్నటిదాకా తల దువ్వుకున్న చేయి ఈ రోజు లేవదు. ఎక్స్‌రేలో ఎముక విరగలేదని తెలిసి "కండరం పట్టింది" అని నూనె మర్దనతో నెలలు గడిపేవారు మన దగ్గర ఎక్కువ. ఇది నన్ను నిజంగా బాధపెట్టే సంగతి. ఎందుకంటే పూర్తిగా తెగిన టెండాన్ వెనక్కి ముడుచుకుపోతుంది, దానికి ఉన్న కండరం క్రమంగా కొవ్వుగా మారుతుంది. అలా మారాక కుట్టినా పెద్దగా ప్రయోజనం ఉండదు. పనిచేసే వయసులో ఉండి, దెబ్బ తగిలాక చేయి ఎత్తలేకపోతే రెండు మూడు వారాల్లోపు అల్ట్రాసౌండ్ గానీ ఎమ్మారై గానీ చేయించండి. పూర్తి చిరుగు అని తేలితే ఆపరేషన్‌ను పంట కోతల దాకా వాయిదా వేయకండి. ఈ ఒక్క సందర్భంలో నేను వ్యాయామం కంటే ఆపరేషన్‌కే ముందుగా ఓటు వేస్తాను.

రెండోది అరుగుదల. ఏళ్ళ తరబడి కావడి మోసినవారు, బరంపురంలో పట్టుమగ్గం మీద పనిచేసేవారు, గోడలకు సున్నం వేసేవారు, యాభై అరవై దాటాక నెమ్మదిగా నొప్పి మొదలై వచ్చేవారు. వీరి ఎమ్మారైలో చిరుగు కనిపించినంత మాత్రాన అదే నొప్పికి మూలమని చెప్పలేం. అరవై దాటినవారిలో ఏ నొప్పీ లేనివారి భుజాల్లో కూడా చిరుగులు కనిపిస్తాయి. అమెరికాలో ఇలాంటి పూర్తి చిరుగులు ఉన్నవారికి ఒక పద్ధతి ప్రకారం ఫిజియోథెరపీ చేయిస్తే, రెండేళ్ళ తర్వాత నలుగురిలో ముగ్గురు ఆపరేషన్ లేకుండానే గడిపారు. అందుకే వీరికి ముందు పన్నెండు వారాల వ్యాయామం. దానితో నిద్ర పట్టి, రోజువారీ పనులు సాగితే అక్కడితో ఆగండి. ఆపరేషన్ దారి మూసుకుపోదు, అయితే ఏడాదికోసారి పరీక్ష చేయించుకుని చిరుగు పెరుగుతోందేమో చూసుకోవాలి.

కుట్టించుకోవాలని నిర్ణయిస్తే ముందు లెక్క వేసుకోవలసింది కాలం. నాలుగు నుంచి ఆరు వారాలు చేయి స్లింగ్‌లో, అంటే మెడకు వేలాడే పట్టీలో, ఉంటుంది. ఆ రోజుల్లో కుడిచేతితో అన్నం కలుపుకోవడం, బైకు నడపడం, బిడ్డను ఎత్తుకోవడం ఉండవు. తర్వాత ఆరు వారాలు నెమ్మదిగా కదిలించడం, సుమారు మూడో నెల నుంచి బలం పెంచే వ్యాయామాలు, బరువు పనికి నాలుగు నుంచి ఆరు నెలలు. వరి రైతు అయితే, వాయిదా వేయదగిన ఆపరేషన్‌ను నూర్పిళ్ళు ముగిశాక పెట్టుకుంటే ఊడుపుల నాటికి చేయి అందివస్తుంది. గోపాల్‌పూర్, ఆర్యపల్లి వైపు మత్స్యకారులు వేట నిషేధ కాలంలో పని పూర్తవుతుందని అనుకుంటారు. తూర్పు తీరంలో అది ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మాత్రమే. వల లాగే చేతికి ఆ వ్యవధి ఏ మూలకూ చాలదు. ఆరు నెలల ఆదాయం లెక్క చూసుకుని ఇంట్లో అందరితో మాట్లాడాకే తేదీ పెట్టుకోండి.

కుట్టు నిలవకపోవడానికి కారణాలు కొన్ని రోగి చేతిలోనే ఉన్నాయి. పొగాకు వాటిలో పెద్దది. బీడీ, సిగరెట్ గురించి అందరూ అడుగుతారు. మన తీరప్రాంతపు పెద్దవయసు ఆడవారు తాగే అడ్డపొగ (మండే కొసను నోట్లో ఉంచి తాగే చుట్ట) గురించి, పళ్ళకు రుద్దుకునే గుడాకు అనే పొగాకు ముద్ద గురించి ఎవరూ అడగరు, వారూ చెప్పరు. నికోటిన్ ఏ రూపంలో వెళ్ళినా టెండాన్‌కు రక్తం తగ్గుతుంది. ఆపరేషన్‌కు కనీసం నెల ముందు మాని, కుట్టు అతుక్కునేదాకా దూరంగా ఉండాలి. మధుమేహం ఉంటే మూడు నెలల సగటు చూపే హెచ్‌బీఏ1సీ 8 దాటి ఉన్నప్పుడు చాలామంది సర్జన్లు అది తగ్గేవరకు ఆగమంటారు. ఆగడమే మంచిది. కోతను, కెమెరాను పోల్చిన బ్రిటన్ అధ్యయనంలో స్కాన్ తీసి చూస్తే కుట్టిన ప్రతి పదిమందిలో సుమారు నలుగురికి టెండాన్ మళ్ళీ విడిపోయి ఉంది. వారిలో చాలామందికి నొప్పి తగ్గింది నిజమే. అయినా "కుట్టించుకుంటే కొత్త భుజం" అని ఎవరైనా అంటే నమ్మకండి.

జారిపోయే భుజం

కబడ్డీ, వాలీబాల్ ఆడే కుర్రవాళ్ళలో భుజం ఒకసారి జారితే మళ్ళీ జారే ప్రమాదం చాలా ఎక్కువ. ఇరవై ఏళ్ళ లోపు వారిలో మరీను. ఎవరో ఒకరు కాలు పెట్టి లాగి సరిచేయడం ఊళ్ళలో ఇంకా ఉంది. దానితో ఎముక విరిగే, నరం దెబ్బతినే ప్రమాదం ఉంది. ఎక్స్‌రే తీశాకే కీలును లోపలికి పెట్టించాలి.

పదేపదే జారుతుంటే వ్యాయామం ఒక్కటే సరిపోవడం అరుదు. ఇక్కడ ఆర్థ్రోస్కోపీకి మంచి పేరుంది: కీలు గుంట అంచున ఊడిన మెత్తటి పట్టీని ఎముకలో దించే చిన్న మేకుల్లాంటి యాంకర్లతో తిరిగి ఎముకకు బిగిస్తారు. దీన్ని బ్యాంకార్ట్ ఆపరేషన్ అంటారు. అయితే పదేపదే జారడం వల్ల గుంట ముందు అంచు ఎముకే అయిదో వంతో అంతకంటే ఎక్కువో అరిగిపోయి ఉంటే ఈ పద్ధతి విఫలమయ్యే అవకాశం ఎక్కువ. అప్పుడు పక్కనే ఉన్న కొక్కెంలాంటి ఎముక ముక్కను తెచ్చి స్క్రూలతో అమర్చే లాటర్‌జె ఆపరేషన్ మేలు. దీన్ని చాలావరకు కోత పెట్టే చేస్తారు. ఎముక ఎంత పోయిందో సీటీ స్కాన్ చెబుతుంది. ఆ స్కాన్ తీయకుండా "కెమెరాతో చేసేద్దాం" అన్నచోట తొందరపడకండి. మూర్ఛ వల్ల భుజం జారుతున్నవారికి ముందు మూర్ఛ అదుపులోకి రావాలి, లేకపోతే ఏ ఆపరేషనూ నిలవదు.

మరికొన్ని సందర్భాలు క్లుప్తంగా. టెండాన్‌లో సున్నపు ముద్ద చేరితే ఆపరేషన్ కంటే ముందు సూదితో కడిగి తీయడం గురించి డాక్టరును అడగండి. కీలు పూర్తిగా అరిగిపోతే ఆర్థ్రోస్కోపీతో లాభం స్వల్పం, అక్కడ ఆలోచించవలసింది కీలు మార్పిడి గురించి. కొరాపుట్, రాయగడ, గజపతి జిల్లాల్లో సికిల్ సెల్ రక్తహీనత ఉన్న కుటుంబాలు ఉన్నాయి. ఆ జబ్బు ఉన్నవారిలో కొందరికి భుజం ఎముక తలకు రక్తం అందక అది లోపలే దెబ్బతిని నొప్పి వస్తుంది. ఇంట్లో ఎవరికైనా ఆ జబ్బు ఉంటే పరీక్ష చేయించుకోండి, మత్తు ఇచ్చే డాక్టరుకు తప్పక చెప్పండి. శరీరంలో ప్రాణవాయువు తగ్గితే వారికి ప్రమాదం. నడిస్తే ఎడమ భుజంలో నొప్పి వచ్చి, ఆగితే తగ్గుతుంటే గుండె పరీక్ష చేయించే వరకు భుజం సంగతి పక్కన పెట్టండి.

ఎక్కడ, ఏ కార్డుతో

పర్లాకిమిడిలో రోడ్డు దాటితే పాతపట్నం, ఆంధ్రప్రదేశ్. అయినా వైద్యం ఖర్చు విషయంలో ఆ గీత చాలా పెద్దది. ఎన్టీఆర్ వైద్య సేవ పథకం ఆంధ్రప్రదేశ్ కుటుంబాలకే. ఒడిశా రేషన్ కార్డు ఉన్న తెలుగు కుటుంబానికి అది వర్తించదు. ఒడిశా 2025 ఏప్రిల్‌లో ఆయుష్మాన్ భారత్‌లో చేరింది, దానికి రాష్ట్రపు గోపబంధు జన ఆరోగ్య యోజనను జోడించింది. కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయలు, ఇంటి ఆడవారికి అదనంగా మరో 5 లక్షలు. ఆయుష్మాన్ కార్డు పక్క రాష్ట్రాల్లో కూడా చెల్లుతుంది, అయితే ఆ పథకం జాబితాలో ఉన్న ఆసుపత్రిలోనే, ముందస్తు అనుమతి వచ్చాకే. బయలుదేరే ముందు ఆయుష్మాన్ హెల్ప్‌లైన్ 14555కు ఫోను చేసి ఆసుపత్రి పేరు, మీ ఆపరేషన్ పేరు రెండూ చెప్పి అడగండి. యాంకర్ల ఖర్చు ప్యాకేజీలో ఉందా, బయట కొనాలా అన్నది ఆసుపత్రిలో ఈ పథకం పనులు చూసే ఆయుష్మాన్ మిత్రను అడగండి. సొంత డబ్బుతో అయితే బిల్లును పెంచేది ఆ యాంకర్లే, కాబట్టి ఎన్ని పడతాయో, ఒక్కోటి ఎంతో కాగితం మీద రాయించుకోండి.

బరంపురం ఎంకేసీజీ వైద్య కళాశాల, కొరాపుట్ లక్ష్మణ్ నాయక్ వైద్య కళాశాల, భువనేశ్వర్ ఎయిమ్స్, విశాఖ కేజీహెచ్, ఇంకా ప్రైవేటు ఆసుపత్రులు: వీటిలో దేనికి వెళ్ళినా సర్జన్‌ను అడగవలసినవి అవే. నెలకు ఎన్ని భుజం ఆర్థ్రోస్కోపీలు చేస్తారు? మోకాలి ఆర్థ్రోస్కోపీ చేసే ప్రతివారూ భుజంలో అంత అనుభవం ఉన్నవారు కారు. ఆపరేషన్ చేయకపోతే ఏమవుతుంది? కెమెరాతో పని పూర్తికాకపోతే కోత పెడతారా? ఈ మూడింటికి ఓపికగా జవాబిచ్చే డాక్టరును నేను పెద్ద భవనం కంటే ముందు ఎంచుకుంటాను. అంగీకార పత్రం ఒడియాలోనో ఇంగ్లీషులోనో ఉంటే తెలుగులో చదివి వినిపించమనండి, అది మీ హక్కు.

ప్రయాణం కూడా ఎంపికలో భాగమే. రాయగడ, కొరాపుట్ వారికి హిరాఖండ్ ఎక్స్‌ప్రెస్ బరంపురం, భువనేశ్వర్ వైపు దారి. గుణుపురం, పర్లాకిమిడి వారికి విశాఖ ప్యాసింజర్ ఉంది. స్లింగ్‌లో చేయి పెట్టుకుని ఘాట్ రోడ్డు బస్సులో ఊగిపోవడం కంటే రైలు నయం. కుట్లు తీయడానికి రెండో వారం, తర్వాత ఆరో వారం, మూడో నెల వెళ్ళక తప్పదు. అన్నిసార్లు వెళ్ళగలిగిన ఊరినే ఎంచుకోండి.

ఇంటికి పంపేటప్పుడు డిశ్చార్జి కాగితంలో నాలుగు విషయాలు రాయించుకోండి: ఏ టెండాన్ లేదా పట్టీ కుట్టారు, ఎన్ని యాంకర్లు వేశారు, స్లింగ్ ఎప్పటిదాకా, ఏ కదలిక ఏ వారం వరకు నిషేధం. ఈ నాలుగూ లేని కాగితంతో వచ్చినవారికి మా ఊళ్ళో ఏ ఫిజియోథెరపిస్టూ ధైర్యంగా చేయి పట్టుకోలేరు. జ్వరం వచ్చినా, గాట్ల నుంచి నీరో చీమో కారినా, వేళ్ళకు స్పర్శ పోయినా, పిక్క వాచి నొప్పి పెట్టినా, ఆయాసం వచ్చినా తర్వాతి తేదీ దాకా ఆగకండి. ఆపరేషన్ చేసిన ఆసుపత్రికి వెంటనే ఫోను చేసి, దగ్గరలోని ఆసుపత్రికి ఆ పూటే వెళ్ళండి.